కోడిపిల్లల ప్రతిష్ఠ

కళ్లు మూసుకోమన్నారు గనక మూసుకున్నాను గానీ, రెప్పల మీద పడుతున్న ఆ వెలుగు ఎవరిదో నాకు తెలియదా, అది నా లాంతరు. పాస్టరు అయ్యగారి ముందు స్టూలు మీద ఉన్నదీ నాదే, వసారాలో చెప్పుల దగ్గర వేలాడుతున్నదీ నాదే. పావుగంట క్రితం దాకా ఆ రెండూ పెరట్లో కొట్టుగదిలో గంప కింద నా కోడిపిల్లల మధ్య వెలుగుతున్నాయి. పొద్దున్నుంచి ముసురు, మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు, అందుకని బల్బు బదులు లాంతర్లు పెట్టుకున్నాను. మా ఆయన వీర్రాజు మాస్టారు, బళ్లో నలభైమందికి పాఠం చెప్పే మనిషి, చీకటి పడుతోంది అయ్యగారికి వాక్యం కనపడదని ఆ రెండూ పట్టుకొచ్చి ఇక్కడ పెట్టేశారు. నన్నొక్క మాట అడగలేదు. అడుగుదామన్నా నేను అప్పుడు అయ్యగారికి కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిస్తున్నాను. లోపలికొచ్చి ఇదేమిటండీ అనేలోపు పాట ఎత్తుకున్నారు, పాట అవుతూనే మోకరిద్దాం అన్నారు, అందరితోపాటు నేనూ మోకాళ్ల మీద పడ్డాను. ఇంక ఆమెన్ వినపడేదాకా ఈ ఇంట్లో ఎవరూ లేవడానికి లేదు.

వంద పిల్లలు. ఇవాళ్టికి తొమ్మిదో రోజు. వీపుల మీద ఇంకా నూగే, రెక్కల చివర ఈకలు అప్పుడే పొడుచుకొస్తున్నాయి, ఇంకో పది రోజులు వెచ్చగా కాచుకుంటే తర్వాత వాటి బతుకు అవే బతుకుతాయి. ఈ పది రోజులే కష్టం. ఈ ముసురులో లాంతర్లు తీసేసిన కొట్టుగదిలో అవి ఎంతసేపుంటాయి, అరగంటా, ముప్పావుగంటా? ఇంతకీ ఈ ప్రార్థన కూటం ఎవరి కోసం పెట్టించారో చెబితే నవ్వుతారు, వాటి కోసమే. మా అత్తగారు అచ్చాయమ్మ గారికి ఇంట్లోకి ఏం కొత్తగా వచ్చినా ప్రతిష్ఠ ప్రార్థన చేయించాలి. వంటింటికి పెంకులు నేయించినప్పుడు చేయించారు, గేదెను కొన్నప్పుడు చేయించారు, మా ఆయన సైకిలు కొంటే దానిక్కూడా చేయించారు, సైకిలుకే నలభై నిమిషాలు పట్టింది. వంద ప్రాణాలకి ఎంతసేపు పట్టాలో మీరే ఊహించుకోండి.

కృపానందం అయ్యగారి ప్రార్థనకి ఒక వరస ఉంది, అది మా ఊళ్లో అందరికీ తెలిసిందే. ముందు ప్రపంచ దేశాలన్నీ అవ్వాలి, తర్వాత ఢిల్లీ, ఆ తర్వాత హైదరాబాదు, అక్కణ్నుంచి రాజమండ్రి పెద్దాసుపత్రిలో మంచాల మీద ఉన్నవాళ్లు, ధవళేశ్వరం ఆనకట్ట, గోదావరి, కాలవలు, అమలాపురం, రాజోలు, మలికిపురం, ఒక్కొక్కటే దాటుకుంటూ చివరికి ఎవరింట్లో మోకరించామో ఆ ఇంటికొస్తారు. ఎక్స్‌ప్రెస్ బస్సు కాదు, ప్రతి స్టాపులో ఆగే బస్సు. ఇప్పుడింకా ఎక్కడో యుద్ధాలు జరుగుతున్న దేశాల్లో ఉన్నారు. యుద్ధాలు ఆగిపోవాలని నాకూ ఉంది, కాదనను, కానీ ఆ దేశాల నుంచి నా కొట్టుగదికి ఎప్పుడొస్తారాయన? ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి కూడా లేదు. ఈ వానలో తలమీద ప్లాస్టిక్ గుడ్డ కప్పుకుని ఆరు మైళ్లు సైకిలు తొక్కుకుంటూ వచ్చారు, వచ్చీరాగానే పిల్లలు ఎలా ఉన్నాయమ్మా అని అడిగారు, బాగున్నాయండి అన్నాను. అప్పటికి బాగానే ఉన్నాయి.

అదిగో, వినపడుతోంది. ముందు ఒకటో రెండో, సన్నగా, కియ్ కియ్ అని. తర్వాత పది. పశువుల ఆసుపత్రి కాంపౌండరు శ్రీరాములు గారు ఏడో రోజున వాటి కళ్లల్లో చుక్కలమందు వెయ్యడానికి వచ్చినప్పుడు చెప్పిన మాట నాకు బాగా గుర్తు. ఒక్కొక్క పిల్లనీ గుప్పిట్లో పట్టుకుని చుక్క వేసి, అది కన్ను ఆర్పేదాకా ఆగి అవతల వదిలిపెడుతూ, నెమ్మదిగా చెప్పారాయన: "ఊరికే గంపెత్తి చూడక్కర్లేదమ్మా, బయట నించుని వింటే చాలండి. గుసగుసలాడుకుంటన్నాయంటే బాగున్నట్టు. గట్టిగా అరుత్తున్నాయంటే చలేత్తందన్నమాట. అరిచి అరిచి ఒక్కసారి ఆగిపోయాయనుకోండి, పరిగెత్తండి." చలికి పిల్లలు ఉన్నచోట ఉండవట, వెచ్చదనం కోసం ఒకదాని కిందికొకటి దూరతాయి, పైవి పైన ఎక్కుతూనే ఉంటాయి, కుప్ప పడిపోతాయి, కిందున్నవి ఊపిరాడక పోతాయి. చలికి పోయేవాటికంటే అలా పోయేవే ఎక్కువట. మూలలుంటే మూలల్లో కుప్పపడతాయని, కొబ్బరాకు దడి గుండ్రంగా వంచి కట్టి మూలల్లేకుండా చేశాను. ఊక తింటాయేమోనని ఊక మీద పాత పేపర్లు పరిచాను. ఇంత చేసి, లాంతర్లు మాత్రం మా ఆయన చేతికి అందేలా పెట్టాను. నాకు బుద్ధి ఉండక్కర్లేదూ.

"స్తోత్రం," అన్నారు మా ఆయన నా పక్కన, గట్టిగా. ఆయనకి వినపడటం లేదా? వినపడుతుంది, కానీ ఆయన చెవికి అది ఉత్త కోడిపిల్లల అరుపు. ఈ ఇంట్లో ఆ అరుపుల్లో తేడా తెలిసింది నాకొక్కదానికే. తొమ్మిది రోజులుగా తినేటప్పుడు, పడుకునేటప్పుడు, బట్టలుతికేటప్పుడు కూడా చెవి అటే పెట్టుకుని బతుకుతున్నాను. వాటిని తణుకు వైపు నుంచి తెప్పించాం, చిల్లులు పొడిచిన అట్టపెట్టెలో, బస్సు మీద. చించినాడ రేవులో పడవ ఎక్కించేటప్పుడు పెట్టె నా ఒళ్లోనే పెట్టుకున్నాను, పడవలో అందరూ చిల్లుల్లోంచి వేళ్లు పెడుతుంటే వద్దండీ వద్దండీ అని రేవు దాటేదాకా పోట్లాడుతూనే ఉన్నాను. ఇంటికి తెచ్చాక ఒక్కొక్కదాని ముక్కు బెల్లం నీళ్లలో ముంచి తాగడం నేర్పాను. మొదటి రోజు నూకలు, పేపరు మీద చల్లి, వేలితో టకటకా కొట్టి చూపిస్తే గానీ తినాలని వాటికి తెలియలేదు, తల్లి ముక్కుతో కొట్టినట్టు నేను గోటితో కొట్టాను. మూడో రోజు నుంచి దాణా. నాలుగో రోజుకి కొన్నింటికి వెనక రెట్ట అంటుకుని గట్టిపడిపోయింది, అది తియ్యకపోతే రెట్టపోక చస్తాయి, గోరువెచ్చని నీళ్లు, దూది పెట్టుకుని కూర్చుని పాతిక పిల్లల ముడ్లు కడిగాను. ఎస్సెల్సీ ఫస్టు క్లాసులో పాసయ్యాను నేను. పక్కింటి పైడమ్మ గోడ మీంచి చూసి, "కోడి లేకుండా పిల్లలేంటమ్మా, మీకంత కరమేంటి, మా కోడైతే తనే చూసుకుంటదిగా," అని ఒకటే నవ్వు. నిజమే, కోడైతే చూసుకుంటుంది. కోడైతే ఇప్పుడిలా మోకరించి ఉండదు.

ఢిల్లీ వచ్చింది. పెద్దలకి జ్ఞానం ఇవ్వమంటున్నారు. ఇవ్వమనండి, ఆ ఇచ్చేదాంట్లో కొంచెం మా ఆయనకి కూడా. నేను మోచేత్తో మెల్లగా ఆయన్ని పొడిచి, పెదవులు కదలకుండా, ఏమండీ, లాంతరు, అన్నాను. ఆయన కళ్లు తెరవకుండానే, "అయిపోవచ్చింది, ఉండు," అన్నారు. ఢిల్లీలో ఉంటే అయిపోవచ్చిందిట. పెళ్లయి ఎనిమిదేళ్లయింది, ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. టీచర్ ట్రెయినింగుకి కట్టిస్తానన్నారు, అప్లికేషను తెచ్చారా అంటే అయిపోవచ్చింది ఉండు, గడువు దాటిపోయింది. బావి గట్టు కట్టించండి అంటే అయిపోవచ్చింది ఉండు. మంచివారే, చెయ్యెత్తి ఎరగరు, తెచ్చిన జీతం తల్లి చేతికిస్తారు, తల్లి నాకిస్తారు, ఎవరూ నన్నొక మాట అనరు. అనకపోవడమే నాకు ఒళ్లు మండిస్తుంది. ఈ ఇంట్లో గేదె అత్తగారిది, సైకిలు ఆయనది, కొబ్బరిచెట్లు వాళ్ల నాన్నగారు వేసినవి. నేను చేత్తో పట్టుకుని ఇది నేను బతికించాను అని చెప్పుకోవడానికి ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి ఉండాలని ఉంది నాకు. అంతకంటే ఏం అడగలేదు.

అరుపు పెరిగింది. ఇప్పుడు పది కాదు, అన్నీ. వానచప్పుడు దాటి, గోడ దాటి, అయ్యగారి గొంతు దాటి వస్తోంది. ఆయన కూడా విన్నట్టున్నారు, గొంతు కొంచెం పెంచారు, అంతే. లేవచ్చుగా? లేచి లాంతరు పట్టుకుని వెళ్లిపోవచ్చుగా? ఎవరు కట్టేశారు నన్ను? అనుకోవడం సులువే. మా వంటింటి గుమ్మం పక్కన, సరిగ్గా నా వెనకే, మా అత్తగారు మోకరించి ఉన్నారు. పోయిన ఏడాది గేదె ప్రార్థన మధ్యలో ఆ గేదే పలుపు తెంపుకుని పైడమ్మ వాళ్ల వంగ మొక్కల మీద పడింది. మా ఆయన లేచి వెళ్లి దాన్ని పట్టుకొచ్చి కట్టేశారు. అయ్యగారు ఏమీ అనలేదు గానీ అత్తగారు కన్నకొడుకుతో రెండు రోజులు మాట్లాడలేదు. దేవుడితో మాట్లాడుతూ మధ్యలో లేచిపోవడం ఏమిటి అని ఆవిడ బాధ. కొడుకుతో రెండు రోజులైతే కోడలితో ఎన్ని రోజులు? అదీ కోడిపిల్లల కోసం? మా పుట్టింట్లో ఇంకా ఘోరం, మా నాన్న ప్రార్థన చేస్తుంటే ఒకసారి పొయ్యి మీద పాలు పొంగి, పొర్లి, మాడి, వాసన ఇల్లంతా కమ్మేస్తున్నా మా అమ్మ సరోజిని కళ్లు తెరవలేదు. నేను లేవబోతే నా జడ పట్టుకుని కూర్చోబెట్టింది. తర్వాత ఆ గిన్నె నేనే తోమాను. మూడు రోజులు తోమాను, మచ్చ పోలేదు.

మొదటిసారి తెచ్చినవి యాభై. ఎండాకాలంలో. అప్పుడు నాకు ఇవేవీ తెలియవు, నీళ్లు బాగా తాగాలని వెడల్పాటి కంచం నిండా పోసి పెట్టాను, అవి అందులోకి దిగి ఆడుకున్నాయి, నేను చూసి మురిసిపోయాను కూడా. రాత్రికి తడిసిన ఈకలతో వణికాయి. పదకొండో రోజుకి నాలుగు మిగిలాయి, ఆ నాలుగూ పన్నెండో రోజు పోయాయి. తప్పు నాదే. ఎవరి మీదా తోసెయ్యడానికి లేదు. ఇప్పుడు నీళ్ల సాసర్లో గ్లాసు బోర్లించి, చుట్టూ గులకరాళ్లు పేర్చి పెడుతున్నాను, ముక్కు తడుస్తుంది గానీ కాలు తడవదు. ఆ యాభై పోయినప్పుడు అత్తగారు ఒక్క మాట అనలేదు. తట్టలో వేసుకుని తీసుకెళ్లి కొత్తగా పెట్టిన కొబ్బరిమొక్క పాదులో గొయ్యి తీసి కప్పెట్టేశారు, చేతులు కడుక్కుని వచ్చి అన్నం వడ్డించమన్నారు. తిట్టినా బాగుండేది. ఆవిడకి అవి ఎరువు. ఈ విడత పిల్లలు వచ్చాక ఆవిడ కొట్టుగది గుమ్మం తొక్కింది లేదు, ఎలా ఉన్నాయని అడిగింది లేదు, తిన్నగా వెళ్లి అయ్యగారికి కబురు పెట్టి వచ్చారు. ఇవి కూడా పోతే ఆవిడ మళ్లీ ఏమీ అనరు. మళ్లీ తట్ట తెచ్చుకుంటారు. మూడోసారి తెప్పించండి అని అడగడానికి నాకు నోరు రాదు, నాకు తెలుసు.

రాజమండ్రి దాకా వచ్చారు అయ్యగారు. మంచం మంచానికీ ఆగుతున్నారు. ఆనకట్ట దాటారు, కాలవలు దాటారు, అమలాపురం వచ్చింది, హమ్మయ్య, రాజోలు వచ్చింది, ఇంక నాలుగు మాటల్లో మా ఇంటికొచ్చేస్తారు అనుకుంటున్నానా, రాజోలు దాకా వచ్చిన మనిషి ఒక్కసారిగా మస్కట్ వెళ్లిపోయారు. మా సంఘంలో ఏడుగురు అక్కడున్నారు. ఏడుగురికీ పేరుపేరునా, వాళ్ల యజమానులకి మంచి మనసు, వాళ్ల ఎండ, వాళ్ల వీసాలు. నాకు ఏడుపొస్తోంది. కోపంతో వచ్చే ఏడుపు. మోకాళ్ల కింద చాప ఈనె గుచ్చుకుంటోంది, వెనక అత్తగారి దగ్గర చిన్న సవ్వడి కూడా లేదు, స్తోత్రం అన్న మాట కూడా లేదు, అంత నిశ్చలంగా ఉన్నారావిడ. ఆ నిశ్చలత్వమే నా మెడ మీద చెయ్యేసి వంచుతున్నట్టుంది. ప్రభువా, నేను నీతో మాట్లాడటం లేదు, నాకు నీ మాటలు వినపడటం లేదు, నాకు అవి వినపడుతున్నాయి, నన్ను లేవనియ్యి. లేవమను. ఎవరో ఒకరు లేవమనండి.

అప్పుడు అరుపు తగ్గింది. ముందు నా భ్రమ అనుకున్నాను. వాన పెరిగిందేమో, అందుకని వినపడటం లేదేమో. వాన పెరగలేదు. ఇందాక వంద గొంతులు, తర్వాత యాభై, తర్వాత ఏవో నాలుగైదు, ఆ నాలుగైదూ కూడా ఎవరో గుడ్డ కప్పినట్టు అణిగిపోయాయి. ఆ తర్వాత ఏమీ లేదు. చూరు నుంచి నీళ్లు పడుతున్న చప్పుడు, అయ్యగారి గొంతు, అంతే. అరిచి అరిచి ఆగిపోయాయంటే పరిగెత్తమన్నారు కదా శ్రీరాములు గారు. కుప్పపడిపోయాయి. కింద ఎన్ని, పైన ఎన్ని? పైన ఉన్న పదో పాతికో అయినా, వెంటనే విడదీసి చేతులతో రుద్దితే... సరే, మాట్లాడద్దు నాతో. రెండు రోజులు కాదు, రెండేళ్లు మాట్లాడద్దు. నేను కళ్లు తెరిచాను. నా ముందున్న వాళ్లందరివీ మూసుకునే ఉన్నాయి. అయ్యగారి ముఖం మీద చెమట, మా ఆయన పెదవులు కదులుతున్నాయి. నేను లేచాను. ఇంత సులువా లేవడం? రెండడుగులు వేసి స్టూలు మీది లాంతరు తీసుకున్నాను. గదిలో వెలుగు నాతోపాటే కదిలి, నాతోపాటే బయటికొచ్చేసింది. రెప్పల మీద చీకటి పడ్డా ఎవరూ కళ్లు తెరవలేదు. అత్తగారున్న వైపు కన్నెత్తకుండా నేను పెరటి గుమ్మం దిగుతుండగా అయ్యగారు సరిగ్గా మా ఇంటికి వచ్చారు, నీ కుమార్తె చేతుల్లో పెట్టిన ఈ చిన్న ప్రాణుల్ని, అంటున్నారు.

కొట్టుగది తలుపు గడియ తీసి ఉంది. మా ఆయన పెట్టడం మరిచిపోయారనుకున్నాను. తోసి లాంతరెత్తాను. దడికి ఆనుకుని ఊకలో కాళ్లు ముడుచుకుని అత్తగారు కూర్చున్నారు. తలమీద ముసుగు లేదు. దడి మధ్యలో మూతపెట్టిన పెద్ద ఇత్తడి బిందె, దాని చుట్టూ ఆవిడ ఆదివారం గుడికి కప్పుకెళ్లే తెల్ల శాలువా. పొయ్యి మీద అయ్యగారి కాఫీకని పెట్టిన నీళ్లూ, అన్నం ఎసరూ, అన్నీ అందులో పోసినట్టున్నారు. ఆ శాలువాకి వీపులు ఆనించి, ఒకదాన్నొకటి తొక్కకుండా, పిల్లలు చుట్టూరా కూర్చుని ఉన్నాయి. కొన్ని కళ్లు మూస్తున్నాయి. అప్పుడు వినపడింది నాకు, దగ్గరికొస్తే తప్ప వినపడని గుసగుస.

"తలుపెయ్యమ్మా, గాలొత్తంది," అన్నారావిడ.

తలుపేశాను. ఎప్పుడొచ్చారండీ అన్నాను.

"అయ్యగారు రాజమండ్రిలో ఉండగానే వచ్చేసేను. వచ్చేసరికి ఓ పక్కన కుప్పపడిపోతన్నాయి. మూడు పోయాయి. ఆకు కప్పేను, ఇప్పుడు చూడకు."

నాకు ముందు కోపమే వచ్చింది. రాజమండ్రి దగ్గర నుంచీ. అంటే మంచాలు, ఆనకట్ట, కాలవలు, అమలాపురం, మస్కట్‌లో ఏడుగురు, ఇవన్నీ నేను ఎవరి నిశ్చలత్వానికి భయపడి భరించాను? నా వెనక ఎవరూ లేరు. గుమ్మం పక్కన ఉత్త గోడకి భయపడి నా పిల్లల్ని అరవనిచ్చాను. లేచేటప్పుడు నన్నొకసారి తట్టి ఉండచ్చు కదండీ అన్నాను.

ఆవిడ బిందె మీది శాలువా కొంచెం సర్ది, పక్కకి జారిన పిల్లనొకదాన్ని అరచేత్తో ముందుకి తోశారు. "నిన్ను కూడా లేపేత్తే ఎలాగమ్మా, ఎవరో ఒకళ్లం ఉండాలి కదా ప్రార్థనలో. నువ్వున్నావు కదా అన్న ధైర్యంతోనే నేను లేచేను," అన్నారు.

మీరున్నారనే నేను లేవలేదండి అని చెప్పనా? సిగ్గేసింది. ఆకు కింద మూడు ఉన్నాయి, వాటిని నేను రేపు చూడాలి. లోపల ఆమెన్ అన్నారు, ఆ వెంటనే ఎవరో స్టూలు తన్నుకున్న చప్పుడు, లాంతరేది, లాంతరేదని మా ఆయన గొంతు, పుష్పా, అమ్మా, అని ఇద్దర్నీ కలిపి ఒక కేక.

"ఆయ్, వత్తన్నాం," అని మా అత్తగారు అంతకంటే పెద్ద కేక వేసి, లేవకుండా, ఊకలో కొంచెం అవతలికి జరిగి నాకు చోటిచ్చారు. నేను లాంతరు బిందె పక్కన పెట్టి, ఒత్తి కొంచెం పెంచి, ఆవిడ పక్కన కూర్చున్నాను.